పచ్చి బాలింత జెట్టీకి వెళ్ళదు

మాయాబందరు,
3-7-1972

అన్నయ్యకు,

క్షేమమా అని అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు. పోర్టుబ్లేరు డెలానీపూర్‌లో గవర్నమెంటు క్వార్టరులో నువ్వూ వదినా బాగానే ఉండి ఉంటారు. నన్ను నర్సు చదువు చదివించింది నువ్వే గనక ఈ కోపం కూడా నువ్వే భరించాలి.

ఇక్కడ మన జాలరి కాలనీలో జోగులు భార్య అప్పలకొండ చచ్చిపోయింది. కిందటేడు నువ్వు వచ్చినప్పుడు మెత్తళ్ళ పులుసు పెట్టి, "బాగోనేదా బావా" అని నాలుగుసార్లు అడిగి నిన్ను నవ్వించిందే, ఆ పిల్ల. కాన్పు నేనే చేశాను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా అని నా రిజిస్టరులో నా చేత్తో రాసుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున్న జెట్టీ కింద రాళ్ళ మధ్య శవం దొరికింది. చేపల బుట్ట అందుకోబోయి కాలు జారి పడిపోయిందని పోలీసు కాగితంలో రాశారు.

తొమ్మిదో రోజు, అన్నయ్యా! నువ్వు ఎన్నేళ్ళుగా కుర్చీలో కూర్చుని ఫైళ్ళు తిప్పుతున్నా పుట్టింది మన పేటలోనే కదా. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యేదాకా మన ఆడది గది గడప దాటుతుందా? మైలలో ఉన్న మనిషి బుట్ట ముట్టుకుంటే ఆ బుట్టనే తగలబెడతారు మనవాళ్ళు. పచ్చి బాలింత తనంతట తాను జెట్టీకి వెళ్ళిందట, చేపలు అందుకుందట! హవల్దారుది మలయాళ దేశం. ఆయనకు మన సంగతులు తెలియవు, చెప్పింది రాసుకున్నాడు. కానీ కింద సాక్షులమని వేలిముద్రలు వేసిన అయిదుగురూ మనవాళ్ళే. వాళ్ళలో ఒక్కడికీ ఈ మాట తోచలేదా? అందులో మూడో వేలిముద్ర ఎవరిదో తెలుసా? మన తమ్ముడు నూకన్నది.

నేను అవుట్‌పోస్టుకు వెళ్ళి చెప్పాను. నా హిందీ నీకు తెలుసుగా, మందులు ఎప్పుడు వేసుకోవాలో చెప్పడానికే సరిపోతుంది. మైల, పురుడు, గడప అని నేను చెబుతుంటే ఆయన టీ తెప్పించాడు. నువ్వు ఇంగ్లీషులో రాయగలవు. మన కులంలో తొమ్మిదో రోజు బాలింత బయటికి రాదు అని ఒక్క కాగితం రాసి, నీ సంతకం పెట్టి పంపు. నేను అడిగేది అంతే.

కడుపు మండిపోతున్న
యర్రమ్మ


పోర్టుబ్లేరు, డెలానీపూర్,
14-7-1972

చెల్లికి అన్న సత్యారావు దీవెనలు.

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చింది. చదివి చాలా బాధపడ్డాను. ఆ అమ్మాయి ముఖం నాకు బాగా జ్ఞాపకం. మీ వదిన కూడా అన్నం తినలేదు.

కానీ తల్లీ, నువ్వు ఒంటరిగా ఉంటున్నావు. కాన్పులు, చావులు, వాన, ఆ క్వార్టరులో మాట్లాడేందుకు మనిషి లేకపోవడం, ఇవన్నీ మనసుమీద పనిచేస్తాయి. పోలీసులు విచారించి మూసేసిన కేసులో వేరే శాఖవాణ్ణి నేను కాగితం రాస్తే ఎవరు అడిగారని ముందు నన్నే అడుగుతారు. నూకన్న వేలిముద్ర వేశాడంటే వాడు చూసే ఉంటాడు. వాడు తాగుతాడేమో గాని అబద్ధమాడడు. చిన్నప్పటినుంచీ వాణ్ణి నేను ఎరుగుదును.

నిన్ను అక్కడినుంచి కదిలిస్తే మంచిదనిపించి మా సూపరింటెండెంటు గారి చెవిన వేశాను. తుష్నాబాద్‌లో నర్సు ఖాళీ ఉందట. ఇక్కడికి రోజూ బస్సులున్నాయి, ఆదివారం ఆదివారం మా ఇంటికి రావచ్చు. దరఖాస్తు నేనే టైపు చేయించి ఇందులో పెట్టాను, నువ్వు సంతకం పెడితే చాలు.

మరదలు సీతాలుకు ఏడో నెల కదా. మీ వదిన గాజులు కొని మీ కాలనీ పోలిరాజు చేత పంపిస్తోంది. నూకన్నను అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
అన్నయ్య


మాయాబందరు,
22-7-1972

అన్నయ్యా,

దరఖాస్తు పొయ్యిలో పెట్టాను. తడికట్టెలు రాజుకోవడానికి పనికొచ్చింది.

నేను కాగితం అడిగితే నువ్వు బదిలీ పంపిస్తావా? నాకు పిచ్చెక్కిందని సూపరింటెండెంటుకు కూడా చెప్పేశావా, లేక అది ఇంకా మిగిలి ఉందా? నా మనసుకేం రోగం రాలేదు. అప్పలకొండ చచ్చిపోయింది, నాకు కోపం వచ్చింది. ఈ రెండింటికీ మందు బస్సు సౌకర్యం కాదు.

నాలుగేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒంటిమీద దెబ్బలతో నా దగ్గరికొచ్చిన మన ఆడవాళ్ళందరూ ఎప్పుడొచ్చారో చూశాను. అందరూ ఎనిమిదో నెల పడ్డాకే, లేదా పురిటి మైలలోనే. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను జ్ఞాపకం చేస్తాను. ఎనిమిదో నెల పడిన ఆడదాని మొగుణ్ణి మనవాళ్ళు పడవ ఎక్కనివ్వరు, వల ఖాళీగా వస్తుందని. కాన్పయ్యాక మైల. అంటే రెండు నెలల పైన మగాడు ఒడ్డునే. పని లేదు, తోటివాళ్ళ ముందు చిన్నతనం, సారా మాత్రం ఉంది. వీటన్నిటికీ కారణమని ఎదురుగా కడుపుతో ఒక మనిషి తిరుగుతూ ఉంటుంది. మన ఊళ్ళో అయితే ఆ నెలల్లో ఆమె పుట్టింట్లో ఉండేది. వీడు ఖాళీ ఇంట్లో కుండలు పగలగొట్టుకునేవాడు. ఇక్కడ పుట్టిల్లు సముద్రం అవతల ఉంది. ఆచారంలో మగాడి సగం ఓడెక్కి ఇక్కడికి వచ్చింది, ఆడదాని సగం విశాఖ రేవులోనే ఉండిపోయింది.

ఇప్పుడు కాస్త కూర్చుని చదువు.

అప్పలకొండ పోయాక నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కడుపుతో ఉన్న ప్రతి మనిషినీ ఒంటరిగా అడుగుతున్నాను. మొగుడూ అత్తా పక్కనుంటే ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేస్తాను. వేడినీళ్ళు తెమ్మంటాను, ఆస్పత్రినుంచి తూకం మిషను మోసుకురమ్మంటాను. వాళ్ళు తిరిగొచ్చేలోగా ఒకటే మాట, ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా అని. మన సీతాలును కూడా అడిగాను. పేరుకే అడిగాను అన్నయ్యా, మన ఇంటి కోడలు కదా, లేదంటుంది, నవ్వుకుంటాం అనుకున్నాను. ఆ పిల్ల రవిక పైకెత్తి వీపు చూపించింది. తెడ్డు కర్రతో కొట్టినవి. కొన్ని మానుతున్నాయి, కొన్ని కొత్తవి. "కడుపు మీద కాదు వొదినా, ఈపు మీదే. ఆడికి ఆపాటి గేనం ఉంది," అంది. తమ్ముడి మంచితనం నాకే చెప్పి ఒప్పిస్తోంది.

ఏడు నెలలు దాటాయి గనక విశాఖ ఓడ ఎక్కనివ్వరు. కాబట్టి నీ ఇల్లే దాని పుట్టిల్లు. కటి ఎముక చిన్నది, కాన్పు పోర్టుబ్లేరులోనే కావాలి అని నేను ఆస్పత్రి చీటీ రాస్తాను. ఆగస్టు పదిహేను తరవాత వచ్చే పడవకు పంపిస్తాను. నువ్వు చేయవలసింది జెట్టీకి వచ్చి తీసుకెళ్ళడం, అంతే.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. నూకన్నకు ముందుగా తెలియకూడదు. వెళ్ళిపోతుందని తెలిసిన రోజే వీళ్ళకు పూనకం వస్తుంది. అప్పలకొండ నన్ను మా అమ్మ దగ్గరికి పంపెయ్యి అని అడిగింది పోవడానికి ముందురోజే.

గాజులు అందాయి. సీతాలు చేతికి సరిపోయాయి.

యర్రమ్మ


డెలానీపూర్,
2-8-1972

చెల్లికి దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. నూకన్నను భుజాలమీద ఎక్కించుకుని తిరిగినవాణ్ణి నేను. వాడు తెడ్డు ఎత్తాడంటే నా కళ్ళముందు ఆ పిల్లవాడే కనిపిస్తున్నాడు గాని నువ్వు చెప్పిన మనిషి కనిపించడం లేదు. అయినా నువ్వు కళ్ళతో చూశావు గనక కాదనను.

సీతాలును తప్పకుండా పంపించు. మీ వదిన ముందుగది కడిగించి, నులక మంచం బిగించి పెట్టింది. పాత చీరలు ఉతికి బిడ్డకు పొత్తిగుడ్డలు కూడా చించింది.

అయితే నువ్వు చెప్పినట్టు దొంగతనంగా తీసుకురావడం నాకు నచ్చలేదు. ఒకరి భార్యను ఆయనకు చెప్పకుండా తీసుకుపోవడం మన ఇంటా వంటా లేదు. పురిటికి తీసుకెళ్ళేటప్పుడు పుట్టింటివారు వచ్చి మర్యాదగా అడగాలి. దానికి ఇక్కడ పుట్టింటివారం మేమే అన్నావు కదా, ఆ మర్యాద కూడా మేమే చేశాము. నూకన్న పేర నిన్ననే ఉత్తరం వేశాను. మీ వదిన నాలుగు మూలలా పసుపు రాసింది. పడవ తేదీ కూడా రాశాను, వాడు దగ్గరుండి ఎక్కిస్తే అందరికీ గౌరవంగా ఉంటుందని. యర్రమ్మ అన్నీ రాసింది, నువ్వు కోపం తగ్గించుకోవాలి, తాగుడు మానాలి అని పెద్దవాడిగా నాలుగు మంచి మాటలు కూడా చెప్పాను. నా మాట వాడు ఎప్పుడూ జవదాటలేదు.

దిగులు పెట్టుకోకు. అంతా సవ్యంగా జరుగుతుంది.

అన్నయ్య


మాయాబందరు,
11-8-1972

సత్యారావు గారికి,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నూకన్నకు చదువు రాదని నీకు తెలియదా? చదువు రానివాడికి ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు? టీ దుకాణం గవరయ్య చదివాడు. వాన పడుతోంది, పడవలు ఒడ్డునే ఉన్నాయి, బల్లలన్నీ నిండి ఉన్నాయి. నీ మంచి మాటలు నాలుగూ గవరయ్య గొంతెత్తి చదివాడు. పడవ తేదీ చదివాడు. "యర్రమ్మ అన్నీ రాసింది" అన్నదీ చదివాడు. చివర కూర్చున్న ఎవడో, క్యా నూకన్నా, బీవీ భాగ్ రహీ హై క్యా, పెళ్ళాం పారిపోతోందా అన్నాడట. అందరూ నవ్వారట. వాడు పసుపు మూలల ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

సీతాలు ఎడమ చెయ్యి విరిగింది. తలకు కుట్లు పడ్డాయి. జుట్టు పట్టుకుని జెట్టీ వైపు ఈడ్చుకుపోతుంటే పట్టపగలు ఇరవైమంది చూశారు. మొగుడూ పెళ్ళాల గొడవ అని తలుపులు దగ్గరగా వేసుకున్నారు. అడ్డం వచ్చింది ఎవరో తెలుసా? జోగులు తల్లి కాళమ్మ. అప్పలకొండ అత్త. కొడుకు కోసం అబద్ధమాడి, చేపల బుట్ట కథ చెప్పిన ముసలిది. చంకలో అప్పలకొండ కూతురుంది. దారికి అడ్డంగా నిలబడి ఏమందో రాస్తాను, చదువు. "ఇంకో తల్లినేని పిల్లని పెంచే ఓపిక నాకు నేదు నూకన్నా. ముందు నన్ను పడేసి ఎల్లు." వాడు జుట్టు వదిలేశాడు. అంతలో నేను పరిగెత్తుకొచ్చాను.

చెక్క గొట్టం కడుపుమీద పెట్టి విన్నాను. నా గుండె చప్పుడుకు బిడ్డ గుండె వినిపించలేదు మొదట. ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాను. ఉంది, కొట్టుకుంటోంది.

హవల్దారు వచ్చి అడిగితే నీ అబద్ధమాడని తమ్ముడు ఏమన్నాడో ఊహించు. జెట్టీ దగ్గర కాలు జారిందట. అదే మాట, అదే జెట్టీ. వీళ్ళకు కొత్త అబద్ధం వెతుక్కునే శ్రమ కూడా అక్కర్లేకుండా పోయింది, మొదటిది బాగా చెల్లింది గనక. హవల్దారు నాతో, ఆపస్ కా మామ్లా హై సిస్టర్, ఘర్ మే సుల్ఝా లో అన్నాడు, మీలో మీ గొడవ ఇంట్లోనే తేల్చుకోమని. వాణ్ణి రెండు రోజులు కూర్చోబెట్టి పంపేస్తారట. సీతాలు నోరు విప్పడం లేదు. కాళమ్మ చూసింది గాని, మొదట అబద్ధమాడినదాని మాట ఎవరు వింటారు?

నువ్వు రా. వచ్చి నిజం రాసి సంతకం పెట్టు. మర్యాద చాలించు.

యర్రమ్మ


డెలానీపూర్,
19-8-1972

చెల్లీ,

నన్ను ఎంత తిట్టినా తక్కువే. ఆ ఉత్తరం నేనే రాశాను, నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. మీ వదిన నాతో మాట్లాడడం లేదు.

కానీ సొంత తమ్ముణ్ణి జైలుకు పంపే కాగితం మీద సంతకం పెట్టమంటే నా వల్ల కావడం లేదు. అమ్మ పోయేముందు నీ ఎదుటే కదా నా చెయ్యి పట్టుకుని, చిన్నోణ్ణి సూసుకోరా అంది. వాడికి అమ్మా నాన్నా నేనే. నేనే పట్టిస్తే వాడికి ఇంకెవరున్నారు?

ఒక దారి ఆలోచించాను. నేను శలవు పెట్టి వస్తాను. కులపెద్దలను కూర్చోబెట్టి, గంగమ్మ గుడి ముందు పసుపునీళ్ళలో తడిసి, ఇక చెయ్యెత్తనని నూకన్న చేత ప్రమాణం చేయిద్దాం. సముద్రం మీద బతికేవాడు గంగమ్మ మీద ఒట్టు తప్పడు. సీతాలు కాపురం నిలబడుతుంది. నువ్వు సరేనంటే వచ్చే పడవకే బయలుదేరుతాను.

అన్నయ్య


మాయాబందరు,
26-8-1972

అన్నయ్యా,

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటుంది. చెప్పడానికి సిగ్గుపడ్డాను.

అప్పలకొండ ఎనిమిదో నెలలో దెబ్బలతో నా దగ్గరికి వచ్చింది. నేను జోగులును పిలిచి, పెద్దలను పిలిచి, గంగమ్మ గుడి ముందు వాడి చేత ప్రమాణం చేయించాను. నేనే చేయించాను. పసుపునీళ్ళ బిందె నేనే మోసుకెళ్ళాను. వాడు ఏడ్చాడు, అందరం సంతోషించాం, నేను అప్పలకొండ చెయ్యి పట్టుకుని వాడి ఇంటిదాకా దిగబెట్టి వచ్చాను. పోవడానికి ముందురోజు అది, వొదినా మా అమ్మ కాడికి పంపెయ్యి, భయంగా ఉంది అంటే, ఒట్టేశాడు కదే, భయం దేనికి అని నవ్వాను. నవ్వాను అన్నయ్యా. నీమీద అరుస్తున్నంతసేపూ నామీద నేనే అరుచుకుంటున్నాను.

అందుకని ప్రమాణాల మాట నా దగ్గర ఎత్తకు. వాడికి ఇంకెవరున్నారని అడిగావు. సీతాలుకు ఎవరున్నారని ఒక్క ఉత్తరంలోనైనా అడిగావా?

గురువారం పడవకు సీతాలును ఎక్కిస్తున్నాను. తోడుగా కాళమ్మ వస్తుంది, చంటిదాన్ని ఎత్తుకుని, దిగబెట్టి తిరుగు పడవకే వచ్చేస్తుంది. మర్యాదగా అడగడానికి ఎవరినీ పంపడం లేదు. తలుపు తీస్తావో తియ్యవో నీ ఇష్టం.

యర్రమ్మ


డెలానీపూర్,
8-10-1972

చెల్లి యర్రమ్మకు,

ఇన్నాళ్ళూ రెండు ముక్కల కార్డులు తప్ప రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు జెట్టీలో సీతాలు దిగుతుంటే నేను చెయ్యి అందించబోయాను. ఆ పిల్ల చటుక్కున తల వంచుకుని మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను దాన్ని కొడతాననుకుంది. మగాడు చెయ్యెత్తితే దెబ్బ కోసమేనని దానికి అలవాటైపోయింది. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ కలిపి చెప్పలేనిది అక్కడ మెట్లమీద నాకు తెలిసింది. ఇంటికి వచ్చాక మీ వదిన దానికి స్నానం చేయించింది. గదిలోంచి వచ్చి, ఆ ఉత్తరానికి పసుపు రాసింది ఈ చేతులే కదా అని, చేతులు చూసుకుంటూ గుమ్మంలో కూర్చుండిపోయింది.

సెప్టెంబరు ఇరవైతొమ్మిదిన ఆడపిల్ల పుట్టిన సంగతి కార్డులో రాశాను. నిన్న తొమ్మిదో రోజు. నిన్న పొద్దున్న నూకన్న వచ్చాడు.

తాగలేదు. తల దువ్వుకుని, చేతిలో పిల్లకు గౌను, ఎండు చేపల మూట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఏడ్చాడు. నీతో దాపరికం ఎందుకు, నాకూ ఏడుపొచ్చింది. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను, టీ ఇచ్చాను. నా మనసు మెత్తబడుతోందని వాడికి తెలిసిపోయింది. ఒక్కసారి సీతాలును బయటికి పిలవమన్నాడు, జెట్టీదాకా వెళ్ళి మాట్లాడి పంపేస్తానన్నాడు.

నేను మామూలుగానే అన్నాను, తొమ్మిదో రోజు కదరా, పచ్చి బాలింత గడప దాటి ఎలా వస్తుంది అని. వాడు అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"అయితే ఏటి? మొగుడు పిలిస్తే అప్పలకొండ రానేదా?"

అనేశాక వాడికే అర్థమైంది. టీ గ్లాసు కింద పెట్టేశాడు. లోపల పిల్ల ఏడుస్తోంది, మీ వదిన జోకొడుతోంది. వాడు చూశాడు యర్రమ్మా. జోగులు ఆ పిల్లను మాట్లాడదాం రమ్మని పిలుచుకుపోవడం వాడు చూశాడు, చూసి కాలు జారిందని వేలిముద్ర వేశాడు, ఇప్పుడు అదే మాట చెప్పి సీతాలును పిలవమని నా వాకిట్లో కూర్చున్నాడు. మీ వదిన గడపలో అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. నేను చెప్పులు వేసుకుని, లేవరా అన్నాను. ఎక్కడికి అన్నాడు. ఠాణాకు అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదని చూసి పారిపోబోయాడు. పక్క క్వార్టరు గురునాథం మాస్టారూ నేనూ కలిసి పట్టుకున్నాం. వాణ్ణి పట్టుకుంటే వాడి ఒళ్ళు చిన్నప్పుడు ఎత్తుకున్నట్టే ఉంది. అయినా వదల్లేదు.

నువ్వు జూలైలో అడిగిన కాగితం రాశాను. మన కులంలో పురిటి స్నానం కాకుండా బాలింత గడప దాటదు, బుట్ట ముట్టదు, మైలలో పడవ దగ్గరికి వెళ్ళదు, కనుక అప్పలకొండ తనంతట తాను చేపల కోసం జెట్టీకి వెళ్ళిందన్నది అబద్ధం అని ఇంగ్లీషులో రెండు పేజీలు. సీతాలు వీపు గురించి, చెయ్యి గురించి వేరే రాశాను. నిన్న వాడన్న మాట కూడా రాశాను. ఫారంలో చివర ఒక గడి ఉంది, నిందితుడికి ఏమవుతారు అని. స్టేషన్ రైటరు రెండుసార్లు అడిగాడు, సగా భాయీ? పక్కా? సొంత తమ్ముడేనా అని. అన్న అని రాశాను. మూడు నెలల కిందటే రాయవలసింది.

నీ కోపం తగ్గిందా?

సత్యారావు


మాయాబందరు,
19-10-1972

అన్నయ్యకు,

నీ ఉత్తరం నేను చదవడం మొదలుపెట్టి, కాళమ్మ వచ్చిందని గట్టిగా మళ్ళీ మొదటినుంచి చదివాను. నూకన్న అన్న మాట దగ్గర కాళమ్మ చంటిదాన్ని నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది. అవుట్‌పోస్టుకు వెళ్ళిందని తరవాత తెలిసింది. ఆ రోజు తెల్లవారగట్ల జోగులు ఒక్కడే తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడని చెప్పిందట. వేలు ఎవరూ పట్టుకోలేదు, తనే సిరాలో అద్ది కాగితం మీద వేసింది. సొంత కొడుకు మీద. ఆ కాగితం చూసి హవల్దారు ఈసారి టీ తెప్పించలేదు. జోగులును శనివారం పడవకు పోర్టుబ్లేరు తీసుకెళ్ళారు.

కాలనీలో నాకు ఇప్పుడు చేప అమ్మేవాళ్ళు లేరు. నా క్వార్టరు ముందు పేడనీళ్ళు పోశారు. కాపురాలు కూల్చే నర్సట నేను. భార్యకు ఎనిమిదో నెల పడిన మగాళ్ళను పడవ ఎక్కించుకోండి అని పడవ పడవకూ వెళ్ళి అడిగాను. లక్ష్ముడొక్కడే సరేనన్నాడు, వాడి వలలో ఎప్పుడూ ఏమీ పడదు గనక. మిగతావాళ్ళు ముఖం తిప్పుకున్నారు. మళ్ళీ అడుగుతాను.

నీ ఫారంలో గడి సంగతి చదివి నేను ఏడ్చాను. అయినా నీమీద కోపం పోలేదు, అడిగావు గనక చెబుతున్నాను. జూలైలో ఆ రెండు పేజీలు రాసి ఉంటే సీతాలు చెయ్యి విరిగేది కాదు. అప్పలకొండ సంగతిలో నామీద నాకున్న కోపమూ పోలేదు. అది పోకుండా ఉంటేనే నేను పని చేయగలను.

ఇప్పుడు పని చెబుతాను. నీ గాజులు మోసుకొచ్చిన పోలిరాజు ఉన్నాడే, వాడి భార్యకు ఎనిమిదో నెల పడింది. నిన్న వాణ్ణి తూకం మిషనుకు పంపి అడిగాను. మొదట లేదంది. తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చి, ఉందంది. అమ్మ ఊరు భీమిలి అవతల. ఇక్కడ ఎవరూ లేరు. నులక మంచం విప్పకు, పొత్తిగుడ్డలు ఉతికి ఆరేయమని వదినకు చెప్పు.

ఏ పడవో రాయను. పోలిరాజుకు ఉత్తరం వేయకు. పసుపు అసలే వద్దు. రోజూ జెట్టీకి వెళ్ళి చూస్తూ ఉండు, ఆ పిల్ల దిగినప్పుడు చెయ్యి మాత్రం మెల్లగా చాపు.

చెల్లెలు
యర్రమ్మ